పేరు వెల యెంత?



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము ఈ గ్రంథాలయమందిరమున సమావేశమైతిమో, ఆయన గ్రంథకర్త కారు, రాజకీయవేత్త కారు. ఈ రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు నాలుగు వీథుల ఆవల నలువది యేండ్లపాటు పచారీ కొట్టు నడపిన వర్తకులు. స్మారకోపన్యాసమున తన పేరెత్తి పొగడరాదని నిధిపత్రమున వ్రాయించి పోయినారు గనుక, ఊరివారందరు పిలిచినట్లే నేనును శెట్టిగారనియే వ్యవహరింతును. పేరునకు వెల గలదని నాకు మొట్టమొదట నేర్పినవారు తమ పేరు పలుకవలదనుట యొక వింత.

కళాశాలలో చదువుకొను దినములలో, సెలవులకు వచ్చినపుడెల్ల, నేను వారి కొట్టులో చిట్టా వ్రాయుచుండెడివాడను. దీపములు పెట్టు వేళకు, ఆసుపత్రిలోనున్న చుట్టములను చూచిరా బయలుదేరినవారు, ఒక చేత బత్తాయిల సంచి పట్టుకొని కొట్టు మెట్లెక్కి, "శెట్టిగారూ, ఒక హార్లిక్సు సీసా ఇవ్వండి" అనెడివారు. ఆయన పై అరనుండి సీసా దింపి, భుజము మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, పాత వార్తాపత్రికలో చుట్టి, పురికొసతో రెండు చుట్లు తిప్పి ముడివేసి యిచ్చెడివారు. ఒకనాడట్లే యిచ్చి పంపిన పిమ్మట నా వంక తిరిగి, "చూశావుటయ్యా! కందిపప్పు కొనేవాడు నాలుగు బద్దలు నోట్లో వేసుకుని కొరికి చూస్తాడు. బియ్యం కొనేవాడు దోసిట్లో పోసుకుని ఊది చూస్తాడు. హార్లిక్సు కొనేవాడు మూతైనా తియ్యడు. ఆ తియ్యకపోవడానికే వాడు డబ్బిస్తున్నాడు" అనిరి. అర్థశాస్త్రమున పట్టము పుచ్చుకొనుటకై నేను చదివిన గ్రంథములలో ఏదియు ఈ మాట నింత సూటిగా చెప్పలేదు.

ఆ సీసా చరిత్ర కొంత చెప్పవలెను. జేమ్స్, విలియం అను హార్లిక్ సోదరులు ఇంగ్లండునుండి అమెరికాకు పోయి, 1873లో వ్యాపారము పెట్టుకొని, విస్కాన్సిన్ రాష్ట్రమందలి రెసీన్ పట్టణమున స్థిరపడి, మొలకెత్తించిన ధాన్యసారమును పాలతో కలిపి పొడిగా నొనర్చు విధానమునకు 1883లో హక్కుపత్రము పొందిరి. సోదరులు పోయినారు, పేరు మిగిలినది. 1969లో అది బీచమ్ కంపెనీకి చెందినది. బీచమ్ మరియొకదానిలో కలియగా, అదియు వేరొకదానితో కలియగా, తుదకు గ్లాక్సోస్మిత్‌క్లైన్ వారి సొత్తయినది. ఇంగ్లండులో దీనిని రాత్రి నిద్రకు ముందు త్రాగుదురు. మన దేశమున, మరి ముఖ్యముగా దక్షిణమునను తూర్పునను, ఇదే పొడి బిడ్డల బలమునకును రోగుల ఓపికకును గుర్తయి కూర్చున్నది. పంజాబులోని నాభాలో 1960లో కర్మాగారము వెలసెను. తరువాతికాలమున ఆనకట్టకు ప్రసిద్ధమైన మన ధవళేశ్వరమునను ఒకటి వెలసెను. కనుక నేను చెప్పబోవు బేరము లండనులోను ముంబయిలోను జరిగినదైనను, దాని పొగగొట్టము మన కంటికి కనబడు దూరముననే యున్నది.

2018 డిసెంబరు 3వ తేదీన, ఈ పానీయమును తయారుచేయు భారతీయ కంపెనీని తనలో విలీనము చేసికొందునని హిందుస్థాన్ యూనిలీవర్ ప్రకటించెను. విలువ 31,700 కోట్ల రూపాయలని కట్టిరి. విలీనమునకై ఎవరును నోట్లకట్టలు లెక్కపెట్టలేదు. ఆ కంపెనీ వాటా ఒక్కంటికి 4.39 యూనిలీవర్ వాటాల చొప్పున ఇచ్చుట ఒడంబడిక. 2020 ఏప్రిల్ 1 నాటికి, దేశమంతయు తలుపులు మూసికొని యింట కూర్చున్న దినములలో, విలీనము ముగిసినది. ఆ మరుసటి నెలలోనే గ్లాక్సోవారు తమకు సంక్రమించిన 5.7 శాతము వాటాలను సుమారు 25,480 కోట్లకు విక్రయించి చేతులు దులుపుకొనిరి.

ఇంతవరకు పత్రికలలో చదివినవారు చాలమంది యుందురు. అందరును గమనింపని మెలిక యొకటి యున్నది. కర్మాగారములు, గిడ్డంగులు, ఉద్యోగులు, బూస్ట్, మాల్టోవా, వివా అను పేర్లు విలీనముతోనే సంక్రమించినవి గాని, హార్లిక్స్ అను పేరు మాత్రము సంక్రమించలేదు. ఏలయన, అది భారతీయ కంపెనీ సొత్తు కాదు. బ్రిటనులోని మాతృసంస్థ సొత్తు. ఇన్నేండ్లును మనవారు దానిని అనుమతి మీద వాడుకొనుచుండిరి. కావున ఆ పేరును భారతదేశమువరకు కొనుటకు యూనిలీవర్ వేరుగా 3,045 కోట్ల రూపాయలు చెల్లింపవలసివచ్చెను. భోజరాజు కవులకు అక్షరలక్షలిచ్చెనని మనవారు కథలుగా చెప్పుకొందురు. హార్లిక్స్ అనునది తెలుగున మూడక్షరములు. అక్షరమునకు వేయికోట్లకు పైమాటే పడినది. భోజుని ఖజానా యిచ్చట చాలదు.

పేరును సరుకునుండి విడదీసి అమ్ముట ధర్మమేనా యని శంకించువారికి చట్టము స్పష్టముగనే సమాధానమిచ్చుచున్నది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము 38వ సెక్షను ప్రకారము, నమోదైన వ్యాపారచిహ్నమును ఆ వ్యాపారముయొక్క గుడ్‌విల్‌తోగాని, అది లేకుండగాని, ఇతరులకు బదలాయింపవచ్చును. ప్రాణమును దేహమునుండి వేరుచేసి వేరొక దేహమున ప్రవేశపెట్టు పరకాయప్రవేశవిద్యను మన కథలలో సిద్ధులకే విడిచిపెట్టిరి. నేడు దానిని స్టాంపు కాగితముపై ఎవరైనను చేయవచ్చును.

ఇందు సంతకము చేయనివారు ఒక్కరే కలరు, ఆ మూత తీయకుండ కొనిన గృహిణి. ఎవరి నమ్మకమునకై మూడువేల కోట్లు చేతులు మారినవో ఆమెకు కబురైనను లేదు. సీసా వెనుక చిన్న అక్షరములలో తయారీదారు పేరు మారినది, అంతే. ఆమెకు అన్యాయము జరిగినదని నేననుటలేదు. రుచి అదే, డబ్బా అదే. 2024 ఏప్రిల్‌లో, ఆన్‌లైన్ అంగళ్లవారు ఇట్టి పానీయములను ఆరోగ్యపానీయములను శీర్షిక క్రింద అమ్మరాదని కేంద్ర వాణిజ్యమంత్రిత్వశాఖ సూచించినపుడు, యూనిలీవర్ కూడ తన వర్గమునుండి ఆరోగ్యమను పదమును తొలగించి, పోషకమను పదము నిలుపుకొన్నది. వర్గము పేరు మారినను సరుకు పేరు చెక్కుచెదరలేదు. దీనివలన బిడ్డలు పొడుగెదుగుదురో లేదో నేను సాక్ష్యమీయజాలను. త్రాగి పెరిగినవాడనే, నా యెత్తు మీ కన్నులయెదుట నున్నది.

పేరు కొనుట పెంచుటకే యనుకొనరాదు, త్రుంచుటకును కొందురు. 1977లో కోకాకోలావారు విదేశమారక ద్రవ్యచట్టము క్రింద తమ వాటాను తగ్గించుకొనుట కిష్టపడక దేశము విడిచిపోగా, ఆ ఖాళీలో పార్లేవారి థమ్సప్ పుట్టినది. 1993లో కోకాకోలా తిరిగివచ్చినపుడు, బజారులో స్థానము సంపాదించుటకంటె కొనుట సులభమని తలచి, రమేశ్ చౌహాన్ వద్ద థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజా అను పేర్లను కొన్నది. గోల్డ్‌స్పాట్ నేడెక్కడ? నా వయసువారి నాలుకమీద తప్ప మరెక్కడను లేదు. దాని తావున ఫాంటా కూర్చున్నది. థమ్సప్‌ను సైతము కొంతకాలము వెనుకకు నెట్టి తమ సొంత సీసాను ముందుకు తేజూచిరి గాని, త్రాగువారు సమ్మతింపలేదు. మన జిల్లాలలో "కూల్‌డ్రింకు ఇవ్వు" అన్నచో కుర్రవాడు అడుగకయే థమ్సప్ మూత తీయు అలవాటు అప్పటికే పాతుకొనిపోయినది. 2021లో దాని అమ్మకములు నూరుకోట్ల డాలర్లు దాటినవని కొన్న కంపెనీయే ప్రకటించుకొన్నది. సంతకములో వాటా లేని వినియోగదారునికి ఇంతమాత్రపు అధికారమున్నది: తాను అడుగుట మానకపోవుట.

దీనికి ఎదురుబొమ్మ కాంపా. కోకాకోలా లేని కాలమున వెలిగి, అది తిరిగివచ్చిన పిమ్మట మలగిన ఈ పేరును రిలయన్స్‌వారు 2022లో 22 కోట్లకు కొని, 2023 మార్చిలో మరల బజారుకు తెచ్చుచు, మొదటి అడుగును ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోనే వేసిరి. థమ్సప్‌నకు పుట్టినిల్లుకంటె ఎక్కువైన గడ్డ మీదనే పోటీ మొదలుపెట్టుట ధైర్యమనవలెను. దీర్ఘనిద్రనుండి లేచిన పేరును పిల్లలు గుర్తింపరు, తండ్రులు గుర్తింతురు. పిల్లలకు గుర్తగునది పదిరూపాయల ధర.

ఈమధ్య ఇట్టి బేరములు వార్తలలో తరచుగా కనబడుటకు కారణము గహనమైనది కాదు. పెద్ద కంపెనీకి ఊరూరికి సరుకు చేర్చు దారి యున్నది: పంపిణీదారులు, వ్యానులు, వారమునకొకసారి కొట్టు మెట్లెక్కి ఆర్డరు వ్రాసికొను సేల్సుమాన్. దారి యున్నవానికి దానిమీద మరియొక బండి నడుపుట పెద్ద ఖర్చు కాదు. కాని క్రొత్త బండిని తానే తయారుచేసి, జనమునకు అలవాటు చేయవలెనన్న పదియేండ్లు పట్టును. అందును ఎక్కువపాలు మధ్యలోనే విరుగును. అందుచే వేరొకరు పదియేండ్లు చెమటోడ్చి అలవాటు చేసినదానిని, ఏటి అమ్మకమునకు ఇన్ని రెట్లని లెక్కకట్టి కొందురు. చింగ్స్ సీక్రెట్ పేరుగల కాపిటల్ ఫుడ్స్‌కు టాటా కన్స్యూమర్‌వారు 2024 జనవరిలో 5,100 కోట్ల విలువ కట్టిరి. 2025 జనవరిలో యూనిలీవర్ మినిమలిస్ట్ అను చర్మలేపనముల కంపెనీలో 90.5 శాతము వాటా కొనుటకు పూనుకొన్నది. అదే సంవత్సరము ఐటీసీవారు హైదరాబాదున పుట్టిన శ్రేష్ఠ కంపెనీని, అనగా 24 మంత్ర పేరిట పురుగుమందు లేని పప్పుధాన్యములమ్ము సంస్థను, 472.5 కోట్లవరకు వెచ్చించి కొనుటకు నిశ్చయించిరి. పురుగుమందు లేదనుమాట కొనువాడు నాలుకతో పరీక్షింపజాలడు. అచ్చముగా నమ్మకము మీదనే నడచు సరుకది. శెట్టిగారుండినచో, కందిపప్పు కూడ మూత తీయకుండ కొను కాలము వచ్చినదా యని ముక్కున వ్రేలు వేసికొనియుందురు.

సరుకుల సంగతి యిట్లుండగా, అంగళ్ల సంగతి మరియొకటి. సరుకుల పేర్లు యజమానులు మారినను బ్రదుకుచున్నవి. అంగళ్ల పేర్లు యజమాని మారినవెంటనే గోడనుండి దిగిపోవుచున్నవి. హైదరాబాదులో వీథి వీథికి వెలసిన త్రినేత్ర అను సూపరుబజారును ఆదిత్య బిర్లావారు కొన్న పిమ్మట, 2007 నుండి బోర్డుల మీద మోర్ అను పేరు వచ్చెను. ఆ మోర్‌ను సైతము వారు తరువాత ఇతరులకు విడిచిపెట్టిరి. హెరిటేజ్ ఫుడ్స్‌వారు తమ హెరిటేజ్ ఫ్రెష్ దుకాణములను 2016లో ఫ్యూచర్ రిటైల్‌కు బదలాయించి, రొక్కమునకు మారుగా ఆ కంపెనీ వాటాలు పుచ్చుకొనిరి. ఆ ఫ్యూచర్ కథ విన్నచో వర్తకులకు నిద్రపట్టదు.

ఫ్యూచర్ స్థాపకులైన కిశోర్ బియానీ 2001లో బిగ్‌బజార్‌ను తెరచినపుడు తొలి మూడు నగరములలో హైదరాబాదు ఒకటి. సంతలోని సందడిని చల్లని గదిలో పెట్టుట ఆయన ఉపాయము. వ్యాపారము పెరిగినది, అప్పును పెరిగినది. 2019లో అమెజాన్‌వారు ఫ్యూచర్ కూపన్స్ అను ఒక చిన్న కంపెనీలో 49 శాతము వాటా కొని, దానిద్వారా పెద్ద దుకాణములు ఫలానావారి చేతికి పోరాదను నిబంధన సంపాదించుకొనిరి. కరోనాకాలమున గిరాకీ లేక అప్పులు మీదపడగా, 2020 ఆగస్టులో బియానీ తన వ్యాపారమును 24,713 కోట్లకు రిలయన్స్‌కు విక్రయింప నొడంబడెను. అమెజాన్ సింగపూరులో మధ్యవర్తుల నాశ్రయించి బేరమును నిలిపించినది. వ్యాజ్యము ఢిల్లీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు ఎక్కినది. కాంపిటీషన్ కమిషన్ అమెజాన్ ఒప్పందమునకు తానే యిచ్చిన అనుమతిని 2021 డిసెంబరులో నిలిపివేసి, జరిమానా విధించినది. ప్లీడర్లు ఒప్పందపత్రములోని ఒక్కొక్క వాక్యమును నెలలతరబడి వాదించుచుండగా, 2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి కథ తేలిపోయినది. ఎట్లందురా? ఫ్యూచర్‌వారు అద్దెలు చెల్లింపజాలనపుడు ఆ కట్టడముల కౌలు పత్రములను రిలయన్స్‌వారు తమ పేర వ్రాయించుకొని, కొట్టును మరల ఫ్యూచర్‌కే అద్దెకిచ్చియుండిరి. ఆ అద్దెయు రాకపోగా కొట్లను స్వాధీనపరచుకొనిరి. ఏప్రిల్‌లో అప్పులవారు బేరమును తిరస్కరించిరి. రిలయన్స్ బేరము రద్దయినదని ప్రకటించెను. తాళములు మాత్రము వారి చేతిలోనే యున్నవి. గోడలమీద స్మార్ట్ బజార్ అను పేరు వ్రాయబడెను. లోకములోని మహాధనికులైన ఇరువురు ఒక అంగటికై పోరాడగా, దానిని గెలిపించినది కోర్టుతీర్పు గాదు, ఇంటియజమానికి చెల్లింపని అద్దెబాకీ. పచారీ కొట్టు నడపిన ఎవరినడిగినను ఈ రహస్యము చెప్పియుందురు: అంగడి యనగా ముందు చోటు.

శెట్టిగారు కూడ తమ కొట్టునమ్మిరి. కొడుకులు ఉద్యోగములకు పోవుటచే, పొరుగూరి వర్తకుడొకనికి సరుకు, అలమరలు, త్రాసులు, అరువుపద్దుల పుస్తకము సహా అప్పగించి, గిరాకీకని వేరుగా కొంత రొక్కము పుచ్చుకొనిరి. దీనికిని చట్టమున్నది. 1872 నాటి కాంట్రాక్టుల చట్టము 27వ సెక్షను, ఎవని వృత్తిని ఎవరును నిరోధింపరాదని శాసించుచునే, గుడ్‌విల్ అమ్మినవాడు ఆ పరిసరములలో అదే వ్యాపారము చేయనని మాటయిచ్చుటకు మినహాయింపు నొసగినది. శెట్టిగారు మాటయిచ్చిరి, నిలుపుకొనిరి, అగ్గిపెట్టెయైనను అమ్మలేదు. అయినను ఆరునెలలలో గిరాకీ పలుచబడెను. కొన్నవాడు మెట్లమీది బల్లను తీయించెను, అరువు మాన్పించెను, తక్కెడ తూచునపుడు ముఖము చూచి పలుకరించుట యెరుగడు. పాతవారు శెట్టిగారి యింటి అరుగుమీదికి వచ్చి, ఏ కొట్టులో పప్పు బాగున్నదో సలహా అడిగి పోవుచుండిరి. ఒకనాడు ఆ కొన్నవాడే వచ్చి, "మీ గిరాకీ కొన్నాననుకున్నాను శెట్టిగారూ, అది మీతోపాటు ఇంటికొచ్చేసింది" అనెను. నేనచ్చటనే యుంటిని. శెట్టిగారు తలవంచుకొని, "దానికి పుచ్చుకున్న డబ్బు నాకూ కూడలేదయ్యా" అని మాత్రమనిరి. ఆ రొక్కమును వారు వ్యాపారమున పెట్టలేదు. వడ్డీతో సహా బ్యాంకులో ఉంచిరి. నేటి యీ ఉపన్యాసనిధి ఆ రొక్కమే.

ఇపుడు అంగడికి చోటు కూడ కనబడుటలేదు. జొమాటో 2022లో 4,447 కోట్లకు కొనుటకు నిశ్చయించిన, ఇంటికి సరుకు చేర్చు బ్లింకిట్ వంటివానికి వీథిలో బోర్డుండదు, మెట్లుండవు. మూసిన షట్టరు వెనుక సరుకు పేర్చిన గది, వెలుపల మోటారుసైకిళ్లు. కొనువారు లోపల అడుగుపెట్టు పని లేదు. అట్టిచోట మూత తీయకుండ కొనుట తప్ప వేరు దారి లేదు గనుక, సరుకు పేరునకు వెల యింకను పెరుగునేగాని తగ్గదని నా యూహ.

సభలో పచ్చళ్లవారు, అప్పడములవారు, మిఠాయివారు పెక్కుమంది కూర్చుండుట చూచుచున్నాను. మీలో కొందరి సరుకు ఇప్పటికే అమెరికాలోని తెలుగువారి వంటిండ్లకు పోవుచున్నది. నేడో రేపో ఒక పెద్ద కంపెనీవారి మనిషి మీ వాకిట కారు దిగును. అమ్మవలదని నేను చెప్పను; అమ్ముట వర్తకుని ధర్మము. అయితే ఒక్క సంగతి. మనకు సమీపముననే యున్న ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. భౌగోళిక గుర్తింపుల చట్టము 24వ సెక్షను ప్రకారము అట్టి గుర్తింపును ఎవరును ఎవరికిని అమ్మజాలరు, తాకట్టు పెట్టజాలరు. ఊరిపేరు ఊరిదిగనే యుండును. మీ ఇంటిపేరునకు అట్టి కాపుదల లేదు. డబ్బామీద మీ తాతగారి పేరో, మీ ఇంటిపేరో ఉన్నయెడల, సంతకము చేయుటకు ముందు ఆ పేరు ఎవరి పేర నమోదైనదో చూచుకొనుడు; కర్మాగారమునకు కట్టిన వెలలో దానిని కలిపివేయనీయక, గ్లాక్సోవారి కాగితములలో వలెనే, వేరు పత్రమున వేరు వెలకు వ్రాయించుకొనుడు; మీ మనుమలు మరల ఆ పేరుతో కొట్టు తెరవవచ్చునో లేదో ఏ పంక్తిలో వ్రాసినారో ఒక ప్లీడరుచేత చదివించుకొనుడు.